హాల్‌కి సీలింగ్ స్పాట్ లైట్లు ఎన్ని కావాలి: 24 గీసిన చోట 12 తో తేలిన ఒక ఫ్లాట్ కేస్

మియాపూర్ దగ్గర ఒక త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్, హ్యాండోవర్ అయ్యి ఇంటీరియర్ నడుస్తోంది, ఫాల్స్ సీలింగ్ ఫ్రేమ్ ఎక్కడానికి ముందు ఓనర్ గారు నాకు లైటింగ్ డ్రాయింగ్ పంపించి "ఒకసారి చూడండి, మరీ ఎక్కువయ్యాయేమో అని డౌటు" అన్నారు. డ్రాయింగ్ సీలింగ్ కాంట్రాక్టర్ ఇచ్చిందే. హాల్ 18 అడుగుల పొడవు 12 అడుగుల వెడల్పు, దాంట్లో 24 స్పాట్లు, ఆరేసి చొప్పున నాలుగు వరసలు, అన్నీ 7 వాట్ల కాబ్ లైట్లు (చిప్ ఒక్కచోటే ఉండే ఎల్‌ఈడీ స్పాట్లు), మధ్యలో పళ్లెంలా పైకి ఎత్తిన ట్రే సీలింగ్, దాని చుట్టూ అంచులో దాచిన గాడిలో, అంటే కోవ్‌లో, స్ట్రిప్ లైటు. పేపర్ మీద చూడ్డానికి ముగ్గులో చుక్కల్లా భలే ఉంది. కాంట్రాక్టర్‌ని అడిగితే "అన్నా, అందరూ ఇట్లనే పెట్టిచ్చుకుంటున్నరు, ఇరవై నాలుగు పెడితేనే లుక్కొస్తది" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు, ఆయన పని సీలింగు, పాయింట్‌కి ఇంత అని రేటు మాట్లాడుకుంటాడు, పాయింట్లు పెరిగితే ఆయనకొచ్చే నష్టం ఏముంది.

ఈ కేస్ మొత్తం రాస్తున్నా ఎందుకంటే "మా హాల్ ఇంత సైజు, ఎన్ని లైట్లు పెట్టాలి" అని అడిగేవాళ్లు చాలామంది, అందరికీ ఒక నంబర్ కావాలి, ఆ నంబర్ నేను మొదట చెప్పలేను. మొదట ఎంత వెలుతురు కావాలో లెక్క తేలాలి, తర్వాత అది గదిలో ఎక్కడెక్కడ పడాలో తేలాలి, ఫ్యాన్ ఎక్కడుందో, స్లాబ్ బీమ్ ఎక్కడుందో చూడాలి, అవన్నీ అయ్యాక లైట్ల సంఖ్య దానంతటదే వచ్చి కూర్చుంటుంది. 

ముందు లెక్క. వెలుతురు కొలిచే యూనిట్ లక్స్, ఒక చదరపు మీటర్ మీద ఒక లూమెన్ పడితే ఒక లక్స్. లూమెన్ అంటే లైటు మొత్తం బయటికి పంపే వెలుగు, డబ్బా మీద వాట్ల పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనేటప్పుడు చూడాల్సింది అదే. ఇంటి హాల్‌కి నేను మామూలుగా 100 నుంచి 150 లక్స్ పెట్టుకుంటా, బెడ్‌రూమ్‌కి 100 లోపే చాలు, కిచెన్ మొత్తానికి 200, ప్లాట్‌ఫామ్ మీద 300, పిల్లలు కూర్చుని చదివే టేబుల్ మీద 300 పైన. ఇవన్నీ సగటు లెక్కలు, గదిలో ప్రతి మూలా ఇంతే ఉండాలని కాదు.

ఈ హాల్ 18 × 12 అంటే 216 చదరపు అడుగులు, 10.76 తో భాగిస్తే 20 చదరపు మీటర్లు. 150 లక్స్ కావాలంటే 20 × 150 = 3000 లూమెన్లు కింద, అంటే మనం కూర్చున్న ఎత్తులో, పడాలి. కానీ లైటు నుంచి వచ్చిందంతా అక్కడికి చేరదు, కొంత గోడలకి కొట్టుకుంటుంది, కొంత సీలింగే మింగుతుంది. చేరే వాటాని యుటిలైజేషన్ ఫ్యాక్టర్ అంటారు, గది ఆకారం, ఎత్తు, గోడల రంగు బట్టి మారుతుంది. తెల్ల సీలింగు, లేత గోడలు, 9 అడుగుల ఎత్తు, ఈ సైజు హాల్ అయితే 0.6 వేసుకుంటా. ఇంకోటి మెయింటెనెన్స్ ఫ్యాక్టర్, లైటు పాతబడే కొద్దీ, దుమ్ము పట్టే కొద్దీ తగ్గే దానికి, 0.8. రెండూ గుణిస్తే 0.48, అంటే కొన్న వెలుగులో సగం కూడా మన ఒళ్లోకి రాదన్నమాట. 3000 ని 0.48 తో భాగిస్తే 6250 లూమెన్లు. 7 వాట్ల కాబ్ ఒకటి మంచిదైతే వాట్‌కి 90 చొప్పున 630 లూమెన్లు ఇస్తుంది, 6250 ÷ 630 అంటే దగ్గర దగ్గర 10 లైట్లు.

ఇప్పుడు అదే లెక్క తిరగేసి 24 కి చేద్దాం. 24 × 630 = 15120, దాన్ని 0.48 తో గుణించి 20 తో భాగిస్తే 360 లక్స్ పైమాటే. ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే చోట 300 నుంచి 500 ఇస్తారు, ఈ హాల్ ఆ లెవెల్‌కి వెళ్లిపోయింది, ఇంకా కోవ్ లైటు కలపనే లేదు. రాత్రి పూట సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చునే చోట అంత వెలుగు ఎవరికీ పనికిరాదు, నాలుగు రోజులు చుట్టాలకి చూపించడానికి అన్నీ వేస్తారు, ఆ తర్వాత రెండు వరసలు స్విచ్ ఆఫ్‌లోనే ఉండిపోతాయి. ఇది నేను చాలా ఇళ్లలో చూశా.

మేస్త్రీలు చెప్పే "పాతిక అడుగులకి ఒక లైటు" అన్న మోటు లెక్క కూడా ఒకటుంది, దాన్ని అందరూ వెక్కిరిస్తారు గానీ నేను వెక్కిరించను. 25 చదరపు అడుగులు అంటే 2.32 చదరపు మీటర్లు, ఒక 630 లూమెన్ల లైటు నుంచి కిందకి చేరేది 302, భాగిస్తే 130 లక్స్. 9 అడుగుల సీలింగు, తెల్ల గోడలు, 7 వాట్ల లైటు అయినంత వరకు ఆ మాట కరెక్టే. 12 వాట్ల ప్యానెల్‌కి, 5 వాట్ల చిన్న స్పాట్‌కి, డూప్లెక్స్‌లో డబుల్ హైట్ హాల్‌కి కూడా అదే వాడితేనే తేడా కొడుతుంది. పైగా డబ్బా మీద 7 వాట్లు అని ఉండి లోపల 400 లూమెన్లు కూడా ఇవ్వని లోకల్ సరుకు బోలెడు, అలాంటివి కొంటే ఏ లెక్కా పనికిరాదు.

లెక్కలో ఎవరూ కలపని ఐటమ్ కోవ్ లైటు. సీలింగ్ అంచులో దాచిన స్ట్రిప్‌ని అందరూ అలంకారం కిందే చూస్తారు, అదీ వెలుతురే. ఈ హాల్లో చుట్టూ 3 అడుగుల బోర్డర్ వదిలితే మధ్యలో ట్రే 12 × 6 అడుగులు, చుట్టుకొలత 36 అడుగులు, అంటే 11 మీటర్ల స్ట్రిప్. మీటర్‌కి 10 వాట్ల స్ట్రిప్ 850 లూమెన్ల దాకా ఇస్తుంది, మొత్తం 9350. ఇది పైకి కొట్టి సీలింగ్ మీద నుంచి కిందకి దిగాలి కాబట్టి చేరే వాటా బాగా తక్కువ, నేను 0.25 వేస్తా, దుమ్ము నేరుగా స్ట్రిప్ మీదే పేరుకుంటుంది కాబట్టి మెయింటెనెన్స్ 0.7. అయినా 80 లక్స్ తేలింది. అంటే కోవ్ ఒక్కటి వేసుకున్నా టీవీ చూసుకోవచ్చు, మనుషుల మొహాలు కనపడతాయి, మంచినీళ్లు తెచ్చుకోవచ్చు. 110 వాట్లు తిని 80 లక్స్ ఇవ్వడం పొదుపేం కాదు, కానీ నీడల్లేని మెత్తటి వెలుగు దానికే వస్తుంది. ఇది ఎలాగూ పెడుతున్నారు కాబట్టి స్పాట్లు 150 మొత్తం మోయక్కర్లేదు, 120 మోసినా చాలు, రెండూ వేస్తే 200. అక్కడికి జనరల్ లైటింగ్‌కి 10 కాదు, 8 చాలని తేలింది.

ఇక ఫ్యాన్. లైట్ల మీద విదేశీ వీడియోలు చూసి ప్లాన్ చేసుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే, వాళ్ల సీలింగుల్లో ఫ్యాన్లు కనపడవు, మనకి ఫ్యాన్ లేని గదే లేదు. ఈ హాల్లో రెండు ఫ్యాన్లు, 1200 మిల్లీమీటర్లవి, అంటే రెక్క కొస నుంచి కొసకి 4 అడుగులు. వెడల్పులో సరిగ్గా మధ్యన, పొడవులో అటు 4.5 అడుగుల దగ్గర ఒకటి, ఇటు 13.5 దగ్గర ఒకటి. కాంట్రాక్టర్ డ్రాయింగ్‌లో లైట్లు 3 అడుగులకొకటి, గోడ నుంచి మొదటిది అడుగున్నర. ఆ కొలతలు వేసుకుంటూ పోతే మధ్య రెండు వరసల్లో నాలుగు లైట్లు ఫ్యాన్ సెంటర్ నుంచి సరిగ్గా అడుగున్నర దూరంలో పడుతున్నాయి, రెక్క పొడవేమో 2 అడుగులు. అంటే నాలుగు లైట్లు తిరిగే రెక్కల మీదకే. ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరిగితే మూడు రెక్కలు కలిపి సెకనుకి 17 సార్లకి పైగా ఆ వెలుగుని కోస్తాయి, ఫ్యాన్ తగ్గిస్తే 10, 12 సార్లు. కంటికి స్పష్టంగా తెలిసే స్పీడు అది, గదంతా టపటపా కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, కాసేపటికే తలనొప్పి, తలనొప్పి ఎందుకొస్తుందో ఎవరికీ అర్థం కాదు, లైట్లు మంచివి కావని షాపువాడిని తిడతారు.

ఓనర్ గారికి ఇది మాటల్లో చెప్తే నమ్మకం కుదర్లేదు. అప్పటికే పాత ఇంట్లోంచి తెచ్చిన ఫ్యాన్ ఒకటి బెడ్‌రూమ్‌లో తగిలించి ఉంది, ఒక కాబ్ లైటుకి వైరు తగిలించి స్టూల్ ఎక్కి రెక్కల పైన, సీలింగుకి ఆనించి పట్టుకున్నా, ఫ్యాన్ మూడో నంబర్ మీద పెట్టి కింద నేల చూడమన్నా. ఆయన నేల చూశారు, గోడ చూశారు, లైటు పట్టుకున్న నా చెయ్యి చూశారు. "ఆపండి ఆపండి" అని తనే స్విచ్ తీసేశారు. ఆ తర్వాత ఇంక లుక్కు గురించి వాదన లేదు.

నేను పాటించేది ఏంటంటే, రెక్క కొస నుంచి లైటు కనీసం 2 అడుగులు దూరం ఉండాలి. దూరంతో పాటు బీమ్ యాంగిల్, అంటే లైటు వెలుగు విచ్చుకునే కోణం, కూడా చూడాలి. ఈ ఇంట్లో రెక్కలు సీలింగ్ బోర్డర్‌కి ఒక అడుగు కిందకి వచ్చేలా రాడ్ తీసుకున్నారు, నేల నుంచి 8 అడుగుల ఎత్తు. 60 డిగ్రీల లైటు వెలుగు ఒక అడుగు దిగేసరికి పక్కకి 7 అంగుళాలే జరుగుతుంది, రెక్క దాకా రాదు. అదే గుండ్రటి ప్యానెల్ లైటు అయితే 120 డిగ్రీల దాకా విరజిమ్ముతుంది, ఒక అడుగు దిగేసరికి 1.73 అడుగులు పక్కకి పోతుంది, రెక్క కొసకి అడుగున్నర దూరంలో ఉన్నా సరే రెక్క దాన్ని కోస్తుంది. అందుకే ఫ్యాన్ ఉన్న గదిలో ప్యానెల్ పెట్టాల్సొస్తే ఇంకా గోడ వైపు జరుపుతా.

గోడ నుంచి ఎంత దూరం అన్నది తర్వాతి ప్రశ్న. బోర్డర్ 3 అడుగులు ఉంది కదా, కోవ్ అంచు కొంచెం ముందుకి పొడుచుకొస్తుంది కాబట్టి గోడ నుంచి 2 అడుగుల దగ్గర లైను పెట్టా, సోఫా వైపు నాలుగు, టీవీ వైపు నాలుగు. పొడవులో 18 ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 4.5 అడుగులు, ఒక్కో భాగం మధ్యలో ఒక లైటు, అంటే గోడ నుంచి 2.25 అడుగులు, తర్వాత 4.5 చొప్పున 6.75, 11.25, 15.75. లైట్ల మధ్య ఎంత దూరం ఉంటే దాంట్లో సగం గోడకి వదలడం, ఈ ఒక్క సూత్రం పాటిస్తే గోడల దగ్గర చీకటి మచ్చలు రావు. ఫ్యాన్ సెంటర్‌కి ఈ లైట్ల దూరం 4.6 అడుగులు, రెక్క తీసేస్తే 2.6. క్లియర్.

36 డిగ్రీలా, 60 డిగ్రీలా? కాబ్‌లలో రెండూ దొరుకుతాయి, షాపుల్లో ఎక్కువ పెట్టేది 36. సీలింగ్ 9 అడుగులు, టీపాయ్, ఒళ్లో పేపరు ఎత్తు రెండున్నర, మధ్యలో 6.5 అడుగుల దూరం. 36 డిగ్రీలకి కింద పడే వెలుగు వలయం 4.2 అడుగులు, 60 డిగ్రీలకి 7.5 అడుగులు. 36 పెడితే గోడ నుంచి 2 అడుగుల దగ్గరున్న లైటు వెలుగు గోడ నుంచి 4 అడుగుల దాకే వస్తుంది, అవతల లైను కూడా అంతే, మధ్యలో 4 అడుగుల పట్టీ, సరిగ్గా టీపాయ్ ఉండే చోటు, మసకగా మిగిలిపోతుంది. అలా మిగిలిందనే కదా కాంట్రాక్టర్లు మధ్యలో ఇంకో రెండు వరసలు పెట్టి ఫ్యాన్ మీదకి తెచ్చేది. 60 డిగ్రీలది పెడితే దాదాపు 5.75 అడుగుల దాకా వస్తుంది, ఫ్యాన్ ఎత్తులో ఇంకా సన్నగానే ఉండి రెక్కని తప్పించుకుని, కిందకి దిగాక విచ్చుకుని ఫ్యాన్ కింద టీపాయ్‌ని అందుకుంటుంది. ఈ ఒక్క మార్పుతో మధ్య వరసలు రెండూ ఎగిరిపోయాయి, సగం లైట్లు తగ్గింది ఇక్కడే.

60 డిగ్రీలకి ఇబ్బంది కూడా ఉంది, కళ్లల్లో కొడుతుంది. దానికి డీప్ రీసెస్ ఉన్నవి తీసుకున్నాం, లోపల చిప్ లోతుగా ఉండి చుట్టూ నల్ల రిఫ్లెక్టర్ ఉంటుంది, సోఫాలో కూర్చుని ఎదుటి లైను వైపు చూసినా బల్బు కనపడదు. మామూలు స్పాట్ కంటే ఖరీదు కొంచెం ఎక్కువ, ఇక్కడ ఒక్కోటి 450 పడింది. ఈ డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే లైట్లు ఇంకో రెండు తగ్గించుకోండి అంటాను నేను, చవకవి పెట్టి కళ్లు చిట్లించుకోవద్దు.

సోఫా వైపు లైను గోడకి 2 అడుగుల్లో ఎందుకు అంటే, సోఫా వెనక్కి ఆనుకుని కూర్చుంటే తల గోడ నుంచి అడుగు దూరంలో ఉంటుంది, లైటు ముందుకి, ఒళ్లోకి పడుతుంది. నడినెత్తిన పడితే కళ్ల కింద ముక్కు కింద నీడలు దిగి ఎంత అందమైన మనిషైనా దెయ్యం సినిమాలో మనిషిలా ఉంటారు. టీవీ వైపు 55 అంగుళాల టీవీ, 4 అడుగుల వెడల్పు, పొడవులో 7 నుంచి 11 అడుగుల మధ్య, మన లైట్లు 6.75, 11.25 దగ్గర, టీవీకి చెరో పక్కన కుదిరాయి, స్క్రీన్ మీదకి నేరుగా ఏదీ లేదు. ఇది కావాలని చేసింది కాదు, నాలుగు భాగాలు చేస్తే అలా కలిసొచ్చింది, కలిసి రాకపోతే టీవీని జరిపేవాళ్లం, లైట్లని కాదు.

ఇక్కడికి 8. మిగిలిన 4 గది మొత్తానికి కాదు, ఒక్కో పనికి విడిగా.

ఓనర్ గారి నాన్నగారికి డెబ్భై దాటాయి, పొద్దున్నే లేచి, వెలుగు రాకముందే, కిటికీ పక్కన కుర్చీలో పేపర్ చదువుతారు. ఆయన నాతో అన్న మాట, "బాబూ, ఎన్ని లైట్లు వేసినా నాకు అక్షరం ఆనట్లేదు". వయసు పెరిగే కొద్దీ కంట్లోకి చేరే వెలుగు తగ్గిపోతుంది, ఆయనకి 120 లక్స్ చాలదు, గది మొత్తాన్ని 300 కి పెంచితే మిగతావాళ్లకి నరకం. టేబుల్ ల్యాంప్ అంటే కోడలు గారు వద్దన్నారు, మనవడు వైరు పీకేస్తాడని. అందుకని కుర్చీకి ఎడమ పక్కన, భుజం మీద నుంచి పడేలా ఒక 36 డిగ్రీల స్పాట్, దానికి విడిగా స్విచ్. ఇలాంటి ఒక్క లైటుకి లూమెన్ లెక్క పనికిరాదు, క్యాండెలా, అంటే ఒక దిక్కుకి వెళ్లే వెలుగు ఎంత గట్టిగా ఉందో, అది చూడాలి, డేటా షీట్‌లో ఉంటుంది. మేం తీసుకున్న దానికి మధ్యలో 1200 క్యాండెలా, ఒళ్లోకి దూరం 1.98 మీటర్లు, దూరాన్ని దూరంతో గుణించి దాంతో 1200 ని భాగిస్తే 306 లక్స్. 7 వాట్లతో పని అయిపోయింది.

హాల్ మూలలో చిన్న పూజా మందిరం, దానికి ఒకటి, 24 డిగ్రీలు, 3000 కెల్విన్ పసుపు వెలుగు. ఇంకో రెండు లైట్లు, పొట్టి గోడ మీద చేర్యాల బొమ్మ ఫ్రేమ్ ఒకటుంది పొడుగ్గా, దానికి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 5.25 అడుగులు, సీలింగ్ నుంచి 3.75 కిందకి. తిరిగే తల ఉన్న స్పాట్ తీసుకుని నిలువుకి 30 డిగ్రీలు వంచితే అద్దం మీద మెరుపు కళ్లల్లోకి రాదు, 30 డిగ్రీలకి గోడ నుంచి దూరం 2 అడుగుల 2 అంగుళాలు వస్తుంది. గోడకి మరీ దగ్గర పెడితే ఫ్రేమ్ పైచెక్క నీడ బొమ్మ మీద అడ్డంగా పడుతుంది, చాలా ఇళ్లలో చూస్తుంటాను.

మొత్తం 12.

సైటు మీద ఇంకో తలనొప్పి ఉంటుంది, పేపర్ మీద కనపడదు. జిప్సం బోర్డు పైన ఇనుప సెక్షన్లు దాదాపు 18 అంగుళాలకొకటి వెళ్తుంటాయి, మనం గుర్తు పెట్టిన చోట హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే బ్లేడు) పెడితే సరిగ్గా సెక్షన్ తగులుతుంది, అప్పుడు మేస్త్రీ ఏం చేస్తాడంటే సెక్షన్ కోసేస్తాడు, లేదా ఎవరికీ చెప్పకుండా లైటు మూడంగుళాలు పక్కకి జరుపుతాడు, లైను వంకర. నాలుగు లైట్లలో ఒకటి మూడంగుళాలు తప్పితే కంటికి ఇట్టే దొరుకుతుంది, నాలుగూ కలిపి మూడంగుళాలు జరిగితే ఎవడికీ తెలీదు. అందుకని బోర్డు ఎక్కకముందే నేల మీద లైట్ల గుర్తులు పెట్టించి లేజర్‌తో పైకి పంపించి, సెక్షన్లు ఆ గీతలు తప్పేలా అప్పుడే జరిపించాం. బోర్డు మూసేముందు ఫ్రేము, పైపులు, వైర్లు ఫోన్‌లో ఫోటోలు తీసి ఓనర్‌కి పంపా, టేప్ పరిచి పెట్టి మరీ తీశా. రేపు ఇంకో లైటు కావాలన్నా, లైటుకి కరెంటు అందించే డ్రైవర్ మార్చాలన్నా ఆ ఫోటోలే దిక్కు. డీప్ రీసెస్ లైట్లకి లోతు కావాలి, హాల్ మధ్యలో స్లాబ్ బీమ్ ఒకటి అడ్డంగా పోతోంది, దాని కింద రెండంగుళాల ఖాళీయే ఉంది, పొడవులో 9 అడుగుల దగ్గర. మన లైట్లు 6.75, 11.25 కాబట్టి తప్పాయి, డ్రాయింగ్‌లో అయిదు లైట్ల లైను ఉండుంటే నడిమిది బీమ్ కిందకే వచ్చేది.

వైరింగ్ గురించి ఎక్కువ రాయను. లైట్లు ఫ్యాన్ల సర్క్యూట్ ఒకదానికి 10 పాయింట్లు, 800 వాట్లు అన్న పద్ధతి ఉంది, 12 లైట్లు రెండు ఫ్యాన్లు కోవ్ కలిపి రెండు సర్క్యూట్లు సరిపోయాయి. స్విచ్‌లు అయిదు: సోఫా లైను, టీవీ లైను, కుర్చీ స్పాట్, పూజ ప్లస్ బొమ్మ, కోవ్. సోఫా లైను, కుర్చీ ఇన్వర్టర్ మీద, అయిదు లైట్లు కలిపి 35 వాట్లే. స్ట్రిప్ 24 వోల్టులది తీసుకుని రోల్ రోల్‌కి విడిగా ఫీడ్ ఇచ్చాం, ఒక కొస నుంచి 11 మీటర్లు లాగితే రెండో కొస డల్ అయిపోతుంది.

ఓనర్ గారు త్రీ ఇన్ వన్ లైట్లు అడిగారు, స్విచ్ ఆపి వేస్తే తెలుపు, మళ్లీ ఆపి వేస్తే పసుపు, ఇంకోసారి వేస్తే రెండూ కలిసి. నేను వద్దన్నా. ఒక లైనులో నాలుగుంటే ఏదో ఒక రోజు ఒకటి స్టెప్ మిస్ అవుతుంది, మూడు తెల్లగా ఒకటి పసుపుగా, మళ్లీ నాలుగూ కలిసేదాకా స్విచ్ నొక్కుతూ కూర్చోవాలి. ఒకే రంగు, హాల్‌కి 4000 కెల్విన్, పూజకీ బొమ్మకీ కోవ్‌కీ 3000. 6500 తెలుపు మీద మనవాళ్లకి మోజు ఎక్కువ, పవర్‌ఫుల్‌గా ఉంటుందని, రాత్రి ఇంట్లో అది నాకు నచ్చదు, పైగా బంగారం, చీరల రంగులు పాలిపోయి కనిపిస్తాయి. సీఆర్ఐ (రంగులు ఎంత అసలుగా కనపడతాయో చెప్పే కొలత) 90 ఉన్నవి తీసుకోమన్నది కూడా ఆ రంగుల కోసమే.

డబ్బు సంగతి. తగ్గిన లైట్లు 12, ఒక్కోటి 450, పాయింట్ కూలీ వైరుతో కలిపి ఇంకో 150, అంటే 7200 మిగిలింది. కరెంటు 84 వాట్లు తగ్గింది, రోజుకి అయిదు గంటలు అన్నీ వేస్తారనుకున్నా నెలకి 12, 13 యూనిట్లు. ఇల్లు కట్టే ఖర్చులో అదేం పెద్ద మొత్తం కాదు, ఎవరైనా లైట్లు తగ్గిస్తే కరెంటు బిల్లు సగం అవుతుందని చెప్తే నమ్మొద్దు, ఏసీ ముందు ఇవెంత.

అదే ఇంట్లో కిచెన్ లెక్క క్లుప్తంగా. 10 × 8, అంటే 7.4 చదరపు మీటర్లు, 200 లక్స్, చిన్న గది కాబట్టి యుటిలైజేషన్ 0.5, పోపు జిడ్డు పట్టేస్తుంది కాబట్టి మెయింటెనెన్స్ 0.7, మొత్తం 4200 లూమెన్లు. 12 వాట్లవి 1200 చొప్పున నాలుగు. కానీ ఆ నాలుగూ సీలింగ్ మధ్యలో పెడితే వంట చేసే మనిషి లైటుకి వీపు పెట్టి నిలబడుతుంది, తన నీడ తన కత్తిపీట మీదే. రెండు లైట్లు ప్లాట్‌ఫామ్ అంచుకి సరిగ్గా పైకి, గోడ నుంచి 2 అడుగులకి తెచ్చాం, పై కప్‌బోర్డుల కింద ఒక స్ట్రిప్ వేశాం. తరిగే చోట 300 లక్స్ ఆ స్ట్రిప్ వల్లే వచ్చింది, సీలింగ్‌లో ఇంకో నాలుగు పెట్టినా వచ్చేది కాదు. బెడ్‌రూముల్లో చెప్పుకోవడానికి పెద్దగా లేదు, పడుకుంటే కళ్లు సీలింగు వైపే ఉంటాయి కాబట్టి మంచం మీద ఒక్క స్పాట్ కూడా లేదు, అల్మారా ముందు రెండు, కాళ్ల వైపు రెండు.

అంతా అయ్యాక కర్టెన్లు వేసి రాత్రి లక్స్ మీటర్‌తో కొలిచాం, ఫోన్ యాప్ కాదు, ఫోన్లు ఒకదానికొకటి పొంతన ఉండవు. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో తొమ్మిది చోట్ల పెట్టి సగటు తీస్తే స్పాట్ల లైన్లు రెండూ వేసినప్పుడు 138 లక్స్. లైట్లు కొత్తవి, దుమ్ము లేదు, లెక్క ప్రకారం 150 రావాలి, టీవీ యూనిట్ ముదురు చెక్క రంగు కాబట్టి ఆ కాస్త తగ్గుదల అనుకున్నదే. టీపాయ్ మీద 131, ఫ్యాన్ ఫుల్‌లో పెట్టినా మీటర్ ముల్లు ఊగలేదు. తక్కువ వచ్చింది కర్టెన్ పక్క మూలలో, 82, అక్కడ ఎవరూ కూర్చోరు. కోవ్ ఒక్కటే అయితే 95. నాన్నగారి కుర్చీ దగ్గర ఆ స్పాటూ రెండు లైన్లూ కలిపి 410.

ఇప్పుడు వాళ్లు రోజూ వేసేది కోవ్, సోఫా లైను, టీవీ వైపు లైను ఇంటికి ఎవరైనా వస్తేనే. 12 తో పాటు అదే మోడల్, అదే బ్యాచ్‌లో ఇంకో రెండు కొనిపించి అటక మీద పెట్టించా, రెండేళ్ల తర్వాత ఒకటి పోతే అదే 4000 కెల్విన్ అని షాపులో తెచ్చినా పక్కదాంతో రంగు కలవదు, లైనులో అదొక్కటే వేరేగా కనిపిస్తుంది.